ముందు డాక్టరా, ముందు పాలసీనా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర ఊరు. మా ఆయనకు 44 ఏళ్లు. ఆరెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నారు. పోయినేడు రెండు పంటలూ వైట్ స్పాట్ తెగులుతో పోయాయి. మేత డీలరు దగ్గర కొంత, బయట వడ్డీకి కొంత అప్పు ఉంది. ఆర్నెల్లుగా మనిషి మనిషిలా లేరు. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుంటారు, మళ్లీ నిద్ర పట్టదు. తిండి సయించడం లేదు, ఎనిమిది కిలోలు తగ్గారు. చెరువు గట్టు మీద రోజూ క్వార్టర్ తాగుతున్నారు. వేసవిలో భీమవరంలో ఒక ఫిజీషియన్‌కు చూపిస్తే నిద్రకు మాత్రలు రాశారు. ఆ చీటీ చూపించి అవే మాత్రలు ఊళ్లో మెడికల్ షాపులో కొని ఇప్పటికీ వేసుకుంటున్నారు. మానసిక వైద్యుడికి చూపిద్దామంటే, పాలసీలు చేయించే మా తమ్ముడి వరస అబ్బాయి వద్దంటున్నాడు. "ముందు హెల్త్ పాలసీ తీసుకో అక్కా, ఫారంలో ఇవేమీ రాయొద్దు, మూడు నెలలాగి అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, లేకపోతే పాలసీ రాదు" అంటాడు. ఇంట్లో మా అత్తగారికి 68 ఏళ్లు, సుగరు ఉంది. బాబు ఇంటర్ చదువుతున్నాడు. బియ్యం కార్డు ఉంది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు డాక్టరు. పాలసీ పని పక్కనే నడుస్తుంది, దానికీ దారి ఉంది, కింద వివరంగా చెబుతాం. పాలసీ కోసమని మనిషిని మూడు నెలలు ఆపడం మాత్రం వద్దు. దిగులు, దేని మీదా మనసు లేకపోవడం, నిద్ర చెడటం, తిండి తగ్గడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఇవి రోజూ, రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు పైగా ఉంటేనే డాక్టర్లు డిప్రెషన్ ఉందేమోనని చూస్తారు. మీ ఆయనకు ఆర్నెల్లయింది. నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, ఊరికే ఎనిమిది కిలోలు తగ్గడం పంట పోయిన బాధతో సరిపెట్టుకోవలసినవి కావు.

ఈ రాత్రే ఒక మాట అడగండి. భోజనాలయ్యాక, బాబు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడి నోరు మూసుకుంటారు. అలా పుట్టదు. లోపల ఒంటరిగా మోస్తున్న మాటకు దారి దొరుకుతుంది, అంతే. "అనిపిస్తోంది" అన్నా, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట అన్నా, ఉన్నట్టుండి అప్పుల లెక్కలు, కాగితాలు మీకు అప్పగించడం మొదలుపెట్టినా వాదించొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే 108.

ఆయన ఏ జవాబిచ్చినా సరే, ఇంట్లో, చెరువు షెడ్డులో ఉన్న పురుగుమందులు, కలుపుమందులు రేపు పొద్దున్నే అక్కడి నుంచి తీసేయండి. అన్నదమ్ముల ఇంట్లో తాళం వేసి పెట్టించండి, ఎక్కడ ఉన్నాయో మీ ఆయనకు చెప్పొద్దు. ప్రాణం తీసుకోవాలన్న ఉద్రేకం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకుండా చూస్తే మనిషి దక్కుతాడు. మా సమాధానం మొత్తంలో ఒక్క పనే చేయగలిగితే ఈ పని చేయండి.

ఇక డాక్టరు. ఏలూరు, రాజమహేంద్రవరం, కాకినాడల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్నవి, మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. మీకు ఏలూరు దగ్గర. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి, మందులు అక్కడే ఉచితంగా ఇస్తారు. ప్రైవేటులో చూపించాలంటే భీమవరంలోనే చూపించొచ్చు. తెలిసినవాళ్లు చూస్తారని ఆయన బెదిరితే ఏలూరుకో, రాజమండ్రికో వెళ్లండి. జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చిన హక్కు.

రానంటారేమో. "పిచ్చి డాక్టరు దగ్గరికా" అనొచ్చు. అప్పుడు నిద్ర పేరు మీద, బరువు తగ్గిన పేరు మీద బయలుదేరదీయండి. అది అబద్ధమూ కాదు. రొయ్య మేత ఎక్కడం లేదంటే ఆయన ఏం చేస్తారు? నీళ్లు, రొయ్య పట్టుకుని ల్యాబుకి పరుగెడతారు, పీహెచ్, అమ్మోనియా, క్షారత చూపిస్తారు. చెరువుకి చేసేది ఒంటికీ చేయిద్దామనండి. అలా అంటే ఆయనకు ఎక్కుతుంది. ఎలాగూ రక్తపరీక్షలు కావాలి: థైరాయిడ్, సుగరు, హిమోగ్లోబిన్, బి12. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా నీరసం, దిగులు ఇలాగే కనిపిస్తాయి. అందుకే మంచి డాక్టరు ముందు అవి చూస్తాడు. నీరసమని ఊళ్లో సెలైన్ ఎక్కించడం మాత్రం ఆపండి. అది డబ్బు దండగ, పైగా "కాస్త నయమైంది" అనిపించి అసలు వైద్యాన్ని నెల వెనక్కి నెడుతుంది.

వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లండి: ఎప్పటి నుంచి, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, బరువు ఎంత నుంచి ఎంతకు, ఎంత తాగుతున్నారు, ఇంటివైపు ఎవరికైనా ఇలాంటిది ఉందా, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలేమిటి. మాత్రల పేర్లు రాయడం కన్నా ఖాళీ స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్లడం మేలు. భర్తను చూపించడానికి వచ్చిన భార్య గదిలో తాగుడు మాట దాచేయడం ఎక్కువగా జరుగుతుంది. దాచొద్దు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. అందుకే "రేపటి నుంచి మానేస్తా" అని ఒట్టు పెట్టించే ముందు డాక్టరుకు చెప్పాలి.

ఆ నిద్రమాత్రల సంగతి. అవి ఆల్ప్రజోలామ్ లాంటివే అయితే, పాత చీటీ మీద నెలల తరబడి అమ్మకూడని మందు అది. కొద్దిరోజులకు బాగా పనిచేస్తుంది, తర్వాత అలవాటుగా మారుతుంది, అదే మోతాదుకు నిద్ర పట్టదు. మద్యం తాగి పైన ఆ మాత్ర వేసుకుంటే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, ఈ రెండూ కలవకుండా ఈ రోజు నుంచే చూడండి. అలాగని మాత్ర కూడా ఒక్కరోజులో ఆపకూడదు, మోతాదు మెల్లగా తగ్గించాలి. ఎలా తగ్గించాలో డాక్టరు చెబుతారు.

డిప్రెషన్‌కు ఇచ్చే మందులు, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి, నిద్రమాత్రల జాతి కావు, వాటికి అలవాటు పడరు. కాకపోతే నెమ్మదిగా పనిచేస్తాయి. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, కాస్త కంగారు ఉండొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు పడుతుంది. ఇక్కడే రెండు చోట్ల పడిపోతారు. పది రోజులకే "ఏం లాభం లేదు, పైగా కడుపులో తిప్పుతోంది" అని ఆపేసేవారు కొందరు. రెండు నెలలకు బాగయ్యారని ఆపేసి, మళ్లీ మొదటికి తెచ్చుకునేవారు మరికొందరు. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించడం మామూలు పద్ధతి. మొదటి రెండు వారాలు మరీ జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని రోజుకి రోజు ఇవ్వండి. జనరిక్‌లో ఇవి చవకే, జన్ ఔషధి షాపులో అడగండి.

మందులతో పాటు నిద్రకు చోటు కల్పించాలి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది, అందుకే రైతుకి ఆ వేళ కునుకు ఉండదు. వారంలో కనీసం నాలుగు రాత్రులు రెండు నుంచి అయిదు దాకా ఏరేటర్లు (చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రాలు) చూసే పని ఇంకొకరికి అప్పగించండి, డబ్బిచ్చి అయినా సరే. పక్క చెరువు రైతుతో వంతులు వేసుకున్నా సరే. కరెంటు పోతే ఫోన్ మోగే అలారం పరికరాలు దొరుకుతాయి, పెట్టించండి. నిద్ర లేని మనిషికి ఏ మందూ సరిగా పట్టదు.

ఇప్పుడు మీ తమ్ముడి మాట దగ్గరికి వద్దాం. అతను చెడు కోరి చెప్పాడని అనుకోవడం లేదు. అతని లెక్కకు కొంత ఆధారం ఉంది కూడా. బీమా నిబంధనల్లో "ముందునుంచి ఉన్న జబ్బు" అంటే పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించింది, లేదా డాక్టరు సలహా గానీ చికిత్స గానీ ఇచ్చింది. డాక్టరు దగ్గరికే వెళ్లకపోతే పాత జబ్బు ఎక్కడిదని అతని వాదన. అయితే మీ ఉత్తరంలో మీరే రాశారు, వేసవిలో భీమవరం ఫిజీషియన్ నిద్రకు మాత్రలు రాశారని. ఆ చీటీ ఉంది, దాని మీద తేదీ ఉంది. అంటే అతను చెప్పిన ఉపాయం ఇప్పటికే చెల్లదు.

ఇంకోటి ఉంది. ఆసుపత్రిలో చేర్చుకున్న గంటలోపే డ్యూటీ డాక్టరు కేస్ షీట్ రాస్తాడు. అందులో మొదటి పేజీలోనే "బాధ ఎన్నాళ్ల నుంచి" అనే గీత ఉంటుంది. ఆ కంగారులో పక్కనున్న మీ అత్తగారో, బాబో "ఏడాది నుంచండీ బాబూ, నిద్రే పోడు" అంటారు. డాక్టరు "12 నెలలుగా నిద్రలేమి, దిగులు, మద్యం" అని రాసేస్తాడు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ మనిషి ముందు చూసేది ఆ గీతే. అది, మీ పాలసీ తేదీ, ఫారంలో మీరు "లేదు" అన్న జవాబు, మూడూ పక్కపక్కన పెడతారు. ఆ ఒక్క క్లెయిమ్‌తో ఆగకుండా పాలసీనే రద్దు చేసే వీలు కూడా వాళ్లకు ఉంటుంది. అప్పుడు పోయేది మీ ఆయన రక్షణ ఒక్కటే కాదు. అదే పాలసీలో మీరూ, బాబూ ఉంటే మీ ముగ్గురిదీ.

నిజం చెబితే ఏమవుతుంది? మూడింట్లో ఒకటి. పాలసీ ఇచ్చి ఆ జబ్బుకు వేచి ఉండే కాలం పెడతారు, అంటే అంతవరకు ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు. 2024 ఏప్రిల్ నుంచి అది ఎంత ఎక్కువైనా 36 నెలలే, అంతకుముందు 48 ఉండేది. లేదా ప్రీమియం కొంత పెంచుతారు. లేదా, ఇది కూడా జరుగుతుంది కాబట్టి దాచడం లేదు, కొన్ని కంపెనీలు ఇవ్వమంటాయి. ఒకరు కాదంటే రెండో కంపెనీకి, మూడో కంపెనీకి పెట్టండి, లెక్కలు అందరివీ ఒకటి కావు. మొదటే నిజం చెప్పి పాలసీ తీసుకుంటే ఆ 36 నెలల గడియారం ఇవాళే తిరగడం మొదలవుతుంది. పైగా 60 నెలలు ఆగకుండా కట్టుకుంటూ వచ్చిన పాలసీని, మోసం రుజువు చేస్తే తప్ప, "ఇది చెప్పలేదు" అని కంపెనీ కాదనడానికి లేదు. పాలసీలో రాసి ఉన్న మినహాయింపులు మాత్రం ఎప్పటికీ వర్తిస్తాయి.

మానసిక జబ్బు అనగానే బీమా వర్తించదని ఇంకా చాలామంది ఏజెంట్లే చెబుతుంటారు. అది పాతమాట. 2017 చట్టం 21వ సెక్షన్, ఒంటి జబ్బులకు ఎలాగో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది. చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, ఆ ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఉత్తర్వు ఇచ్చింది. అన్ని పాలసీల్లోనూ ఇది ఉండి తీరాలని 2022 అక్టోబరులో మళ్లీ చెప్పింది. పాలసీ కాగితంలో "మానసిక వ్యాధులకు వర్తించదు" అని ఒక్క వాక్యం కనపడితే ఆ పాలసీ కొనొద్దు, అక్కడితో ఆపేయండి.

అయితే కాగితం మీద ఉన్నంతగా చేతికి రాదు, ఎందుకో కూడా తెలుసుకోండి. మీ ఆయనకు ఇప్పుడు కావలసిన వైద్యం దాదాపు అంతా ఓపీలోనే జరుగుతుంది: డాక్టరు ఫీజు, మందులు, కౌన్సెలింగ్. మామూలు పాలసీలు 24 గంటలకు పైగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీ ఖర్చు ఇచ్చే పాలసీలు ఉన్నాయి గానీ, దాని కోసం అదనంగా కట్టే ప్రీమియం, ఏడాదికి వాళ్లిచ్చే పరిమితి పక్కపక్కన పెట్టి చూస్తే మీలాంటి ఇంటికి తరచూ గిట్టుబాటు కాదు. కాబట్టి మూడు నెలలు ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ ఫీజు మీ జేబులోంచే పోతుంది. ఆగి మిగిలేదేమీ లేదు.

కొన్ని కంపెనీలు డిప్రెషన్, స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల పేర్లు పట్టికగా ఇచ్చి, ముందునుంచి ఆ జబ్బు లేనివారికి కూడా వాటికి రెండు మూడేళ్ల వేచి ఉండే కాలం పెడతాయి. కొన్ని మొత్తానికి ఒక పరిమితి పెట్టి, పది లక్షల పాలసీలో మానసిక వైద్యానికి ఏ యాభై వేలో ఇస్తామంటాయి. మానసిక జబ్బని క్లెయిమే కాదన్న ఒక కేసులో 2021లో ఢిల్లీ హైకోర్టు రోగి పక్షానే తీర్పిచ్చింది. ఆ తీర్పు పట్టుకుని పోట్లాడొచ్చు, కానీ కొనేటప్పుడే అలాంటి పరిమితి లేనిది ఏరుకోవడం సుఖం.

తాగుడు సంగతి వేరు. మద్యం అలవాటు మాన్పించే చికిత్స, దానివల్ల వచ్చిన జబ్బుల చికిత్స దాదాపు ప్రతి పాలసీ మినహాయింపుల్లోనూ ఉంటాయి. మద్యం మాన్పించే కేంద్రం అని బోర్డు పెట్టిన ప్రతి ఇల్లూ బీమా లెక్కలో ఆసుపత్రి కాదు. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం పది పడకలు, 24 గంటలూ నర్సులు, డాక్టర్లు ఉండాలి. మానసిక రోగులను చేర్చుకునే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగాకే ఎక్కడైనా చేర్చండి. గేటుకి తాళాలు వేసి, ఫోన్లు లాక్కుని, ఇంటివాళ్లను నెల దాకా చూడనివ్వని చోటుకు పంపొద్దు. ఇది డబ్బు కోసం చెప్పే మాట కాదు.

ఫారం ఎలా నింపాలో దగ్గరగా చూద్దాం. ఈ రోజుల్లో ఏజెంటు ఫోన్‌లోనే నింపేస్తాడు. పదీ పదిహేను ప్రశ్నలుంటాయి, అన్నింటికీ "లేదు" అని ముందే నొక్కి ఉంచి, "అక్కా, ఓటీపీ వచ్చిందా, చెప్పు" అంటాడు. ఆ ఆరంకెలు చెప్పడమే మీ సంతకం. చెప్పేముందు ఆ పేజీ మీ ఫోన్‌కు పంపమనండి, కూర్చుని చదవండి. "గతంలో ఏవైనా మందులు వాడారా", "మానసిక లేదా నరాల సమస్య ఉందా", "మద్యం, పొగాకు ఎంత" అనే మూడు ప్రశ్నల దగ్గర మరీ ఆగండి. వేసవి చీటీ ఫోటో జతచేయమనండి. తర్వాత కంపెనీ నుంచి ఒక డాక్టరు ఫోన్ చేస్తాడు, ఆ మాటలన్నీ రికార్డవుతాయి. "అంతా బాగానే ఉందండీ" అని మొహమాటానికి అనేస్తే అదే తర్వాత మీకు ఎదురు తిరుగుతుంది.

పాలసీ చేతికి వచ్చాక 30 రోజులు గడువుంటుంది, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ రోజుల్లో రెండు కాగితాలు చదవండి. ఒకటి మీరు నింపిన ఫారం నకలు. తప్పు కనపడితే అప్పుడే మెయిల్‌తో దిద్దించండి. రెండోది వినియోగదారు సమాచార పత్రం, పాలసీ మొత్తాన్ని కొన్ని పేజీల్లో చెప్పేది. 2024 నుంచి అది తప్పనిసరి, అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలి. తెలుగులో అడగండి.

ఇంట్లో ఎవరెవరికి ఎలా? అందరినీ ఒకే ఫ్లోటర్‌లో, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మొత్తం ఉండే పాలసీలో వేయమంటారు, చూడటానికి చవకగా ఉంటుందని. మీ ఇంటికి అది సరికాదు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసువారిని బట్టి పడుతుంది, 68 ఏళ్ల అత్తగారిని కలిపితే బాబు వంతు కూడా పెరిగినట్టే. మీకూ బాబుకూ కలిపి ఒక పాలసీ, మీ ఆయనకు విడిగా ఒకటి తీసుకోండి. ఆయన ఫారం పరిశీలనలో నెల పట్టినా, ఎవరైనా కాదన్నా, మీ ఇద్దరిదీ ఆగదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇంటి ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, అంతకుముందు 18 శాతం ఉండేది. రసీదులో ఆ గీత కనిపిస్తే అడగండి.

గది అద్దె పరిమితి ఉన్న పాలసీ వద్దు. ఎందుకో లెక్క చూడండి. 3 లక్షల పాలసీ, గదికి రోజుకు 1 శాతం అంటే 3,000. ఆ రోజు ఆసుపత్రిలో 6,000 గదే దొరికింది, అయిదు రోజులున్నారు. గది 30,000, డాక్టర్ల ఫీజులు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ కలిపి 50,000, మందులు, పరీక్షలు 40,000, మొత్తం 1,20,000. మీరనుకునేది గది తేడా 15,000 పోతుందని. కంపెనీ డాక్టర్ల ఫీజులు కూడా అదే నిష్పత్తిలో సగం చేస్తుంది. మందులు, పరీక్షల 40,000 పూర్తిగా ఇచ్చి, మిగతా 80,000లో 40,000 ఇస్తుంది. మీ చేతినుంచి 40,000 పడుతుంది. ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ అన్ని కంపెనీల్లోనూ ఒకే నిబంధనలతో ఉంటుంది, చవకే. కానీ అందులోనూ గదికి 2 శాతం, రోజుకు గరిష్ఠంగా 5,000 అనే పరిమితి, బిల్లులో 5 శాతం మీరు భరించాలనే నిబంధన ఉన్నాయి. తెలిసి తీసుకుంటే తప్పులేదు.

ప్రీమియం కట్టే నెల మీ చేతిలోనే ఉంది. రొయ్య పట్టి అమ్మిన డబ్బు చేతికి వచ్చే నెలలో పాలసీ మొదలయ్యేలా చూసుకోండి. సీడ్ (రొయ్య పిల్ల) వేసే నెలలో గడువు పడితే మేత డీలరుకే పోతుంది, పాలసీ ఆగిపోతుంది. గడువు దాటాక 30 రోజులు వెసులుబాటు ఉంటుంది, ఆ లోపు కడితే పాత లెక్కలు పోవు. కానీ ఏడాదికోసారి కట్టే పాలసీలో ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రి పాలైతే ఖర్చు రాదు.

బియ్యం కార్డు ఉంది కాబట్టి డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవ మీకు వర్తించాలి. నిన్నమొన్నటి ఆరోగ్యశ్రీయే అది, కుటుంబానికి 25 లక్షల దాకా. జాబితాలో ఉన్న చికిత్సలకే, నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే, ముందు అనుమతితోనే వర్తిస్తుంది. మీ ఆయనను చేర్చవలసి వస్తే ఆ చికిత్స జాబితాలో ఉందో లేదో ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆరోగ్యమిత్ర డెస్కులో అడగండి, 104కి చేసినా చెబుతారు. ఇంట్లో అందరి పేర్లూ కార్డులో సరిగా ఉన్నాయో లేదో ఈ వారమే సచివాలయంలో చూసుకోండి. కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండి ఆసుపత్రిలో ఆగిపోయేవారు ఎందరో. ఈ కార్డే గుండెకీ, కిడ్నీకీ మీకు మొదటి ఆసరా. దీన్ని నమ్ముకుని, ఇది అందని చోటికి ప్రైవేటు పాలసీ అనుకోండి. 5 లక్షలతో మొదలుపెట్టినా చాలు.

అత్తగారికి ఈ వయసులో, సుగరుతో, ప్రైవేటు పాలసీ భారమే. గరిష్ఠ వయసు నిబంధన 2024లో పోయింది, ఇస్తారు గానీ ప్రీమియం మీకు మోయలేనిది అవుతుంది. బియ్యం కార్డు మీద ఆమెను నడపండి. 70 నిండగానే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 2024 అక్టోబరు 29న మొదలైంది, ఆదాయంతో పనిలేదు, 5 లక్షల దాకా, ఆధార్‌లో ఉన్న వయసే ఆధారం. ఆమె ఆధార్‌లో పుట్టిన సంవత్సరం సరిగా ఉందా? పాతకాలం వాళ్లకు నాలుగైదేళ్లు తేడా పడటం మామూలే, ఇప్పుడే చూడండి. ఇంకో చిన్న పని: చెరువు మీద తడి చేతులతో ఏరేటర్ కరెంటు ముట్టుకునే మనిషికి ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. బ్యాంకులో అడిగితే ఆ రోజే చేస్తారు.

రేపెప్పుడైనా కంపెనీ క్లెయిమ్ కాదంటే కారణం కాగితం మీద తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కకు రాదు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగవులు తీర్చే అధికారికి పెట్టొచ్చు. ఆంధ్రా, తెలంగాణ, యానాం వాళ్లందరికీ అదే కార్యాలయం. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వినగలరు, కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు పెట్టాలి. 155255కి ఫోన్ చేసి ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వేదిక బీమా భరోసాలో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ మీ చేతిలో ఉండాల్సింది ఆ నిజమైన ఫారమే.

అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి: భీమవరం చీటీ, కొత్త డాక్టరు రాసే ప్రతి చీటీ, మందుల బిల్లులు, రక్తపరీక్షలు, పాలసీ నకలు, బియ్యం కార్డు, ఆధార్ జిరాక్సులు. ఆసుపత్రిలో చేరితే, చేరడానికి 30 రోజుల ముందు నుంచి, ఇంటికొచ్చాక 60 రోజుల దాకా ఆ జబ్బు మీద పెట్టిన ఓపీ ఖర్చు, మందుల ఖర్చు కూడా చాలా పాలసీల్లో వస్తుంది, బిల్లు ఉంటేనే. ఆ కవరు బీరువాలో దాచొద్దు, వంటింటి గూట్లో పెట్టండి. అర్ధరాత్రి 108 గుమ్మంలో ఆగినప్పుడు బీరువా తాళం మీ ఆయన జేబులోనే ఉంటుంది.